దారిలో ఎడము

మనుష్యుని స్వభావము అతని మాటలలోకంటె అతడు దారిని పోవు తీరులో త్వరగా బయలుపడును. పరిశుద్ధ గ్రంథమున రాజుల రెండవ గ్రంథమునందు యెహూ అను సేనాధిపతి కథ కలదు. యెజ్రెయేలు గోపురముపై నిలిచిన కావలివాడు దూరమున వచ్చుచున్న రథమును చూచి, ముఖము కానరాకమునుపే, ఆ వెఱ్ఱి తోలుటనుబట్టి వచ్చువాడు యెహూ యని గుర్తించెను. రథముల కాలము పోయినది. మోటారు బండ్ల కాలము వచ్చినది. ఆ వెఱ్ఱి తోలుట మాత్రము పోలేదు.

మన నెక్కొండనుండి నర్సంపేట, కేసముద్రము, వరంగల్లు దిక్కులకు రోడ్లు పోవుచున్నవి. ప్రత్తి, మక్కలు, మిరప, వరి ఇల్లు చేరు కాలమున వీనిపై సంచరింపని బండి యుండదు. ట్రాక్టర్లు, ఆటోలు, డీసీఎం వానులు, టిప్పర్లు, ఆర్టీసీ బస్సులు, మోటారు సైకిళ్లు, మేకలమందలు, బడికి వచ్చు పిల్లల సైకిళ్లు అన్నియు ఒక్క దారినే పోవలసియున్నవి. అందులోను కొన్నిచోట్ల రోడ్డు సగముమేర వడ్లో మక్కలో ఆరబోసియుండును. ఇట్టి యిరుకుదారిలో ముందుబండి తోక పట్టుకొని, ఆగకుండ హారను మ్రోగించుచు, సైడు ఇమ్మని తరుముకొని వచ్చువారు కనబడని దినము లేదు. వారియెడల మనమెట్లు మెలగవలెను? మనమే అట్టివారము కాకుండుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలను విచారించుటకే యీ పాఠము వ్రాయబూనితిమి.

ఇది చిన్న సంగతి యని ఎవరును తలంపరాదు. 2022వ సంవత్సరమున భారతదేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మృతినొందిరని కేంద్రప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. ఆ ప్రమాదములలో అయిదవవంతునకు పైగా వెనుకనుండి వచ్చి ముందుబండిని కొట్టుటవలన జరిగినవే. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారు.

1. ఎడమనగా నేమి?

ముందుబండికిని మన బండికిని నడుమ విడువవలసిన ఖాళీ స్థలమునే ఎడమందుము. అది వృథాగా పడియున్న చోటు కాదు. బండి ఆగుటకు రెండు పనులు జరుగవలెను. కన్ను చూచినదానిని మనస్సు గ్రహించి, కాలో చేయో బ్రేకుమీదికి పోవుట మొదటిది. బ్రేకు పడిన పిమ్మట చక్రములు నిలుచుట రెండవది. ఈ రెండును జరుగునంతసేపు బండి ముందునకు పోవుచునే యుండును.

మొదటి పనికి పట్టు కాలమును తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల కొలబద్దను నిలువుగా పట్టుకొనవలెను. రెండవ విద్యార్థి దాని క్రిందికొనవద్ద, సున్న గుర్తునకు ఎదురుగా, బొటనవ్రేలిని చూపుడువ్రేలిని బద్దకు తగులకుండ ఉంచవలెను. మొదటివాడు చెప్పకుండ విడిచినప్పుడు రెండవవాడు దానిని పట్టుకొనవలెను. బద్ద 20 సెంటీమీటర్లు జారినయెడల ఆ విద్యార్థికి సెకనులో అయిదవవంతు పట్టినదని భూమ్యాకర్షణ సూత్రమువలన తేలును. కదలక కూర్చుండి, అదొక్కదానికే కాచుకొని యున్నవానికే యింత కాలము పట్టుచున్నది. దారిపై పోవువాడు పదింటిని చూచుచుండును. చూచినది అపాయమో కాదో నిర్ణయింపవలెను. పిమ్మట కాలు కదపవలెను. కావున మెలకువగానున్న డ్రైవరుకును ఒక సెకను, ఒకొకప్పుడు ఒకటిన్నర సెకను పట్టును. సెల్‌ఫోను చూచువానికిని, నిద్రలేనివానికిని, మద్యము త్రాగినవానికిని ఇంకను హెచ్చు కాలము కావలెను.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనునకు దాదాపు 17 మీటర్లు పోవును. అనగా బ్రేకు పట్టకముందే 17 మీటర్లు గడచిపోవును. అటుపైని, మంచి బ్రేకులును ఎండిన తారురోడ్డును ఉన్నప్పుడు, అది నిలుచుటకు మఱి 20 మీటర్లు కావలెను. మొత్తము 37 మీటర్లు. 30 కిలోమీటర్ల వేగమున బ్రేకు పడిన తరువాత 5 మీటర్లు చాలును. 80 కిలోమీటర్ల వేగమున 35 మీటర్లు కావలెను. వేగము రెండింతలైనచో ఆగు దూరము రెండింతలు గాక నాలుగింతలగుట గమనింపుడు. చలించు వస్తువుయొక్క శక్తి వేగపు వర్గమునుబట్టి పెరుగునని భౌతికశాస్త్రమున చదువుకొన్నది ఇక్కడ ప్రాణము కాపాడు విద్య యగుచున్నది.

కొలబద్ద పట్టుకొని రోడ్డుమీద కొలువలేము గదా యని అడుగుదురేమో. అందులకు సులభమైన లెక్క కలదు. ముందుబండి ఒక కరెంటు స్తంభమునో మైలురాతినో దాటిన క్షణమున "వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు" అని నిదానముగా లెక్కింపవలెను. ఆ లెక్క ముగియకముందే మనము ఆ స్తంభమును చేరినచో మిక్కిలి సమీపముగా పోవుచున్నామని తెలిసికొని వేగము తగ్గింపవలెను. ఇది రెండు సెకనుల నియమము. వర్షము కురియుచున్నప్పుడును, రోడ్డుమీద వడ్లుగాని ఇసుకగాని పరచియున్నప్పుడును నాలుగు సెకనులు విడుచుట మంచిది.

2. రైలుమార్గము నేర్పు పాఠము

ఎడము విలువ తెలియగోరువారు మన స్టేషనునకు పోయి చూడవచ్చును. నిజాం రాజ్యమునందలి రైలుమార్గము 1889లో బెజవాడ చేరినది. మన నెక్కొండ ఆ మార్గముననే యున్నది. ఈ మార్గము భాగములుగా విభజింపబడియుండును. ఒక భాగమున ఒక బండి యుండగా దాని వెనుకబండికి ఆ భాగములోనికి సాధారణముగా అనుమతి యియ్యరు. ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినను ఎఱ్ఱదీపము ముందర నిలువవలసినదే. ముందున్న గూడ్సుబండిని హారను కొట్టి తరుముటకు దానికి హక్కు లేదు.

ఈ నియమము ఊరకే రాలేదు. పూర్వము ఇంగ్లాండు, ఐర్లాండు దేశములలోని అనేక మార్గములలో ఒక బండి పోయిన కొన్ని నిమిషములకు రెండవదానిని పంపుచుండిరి. మొదటిది ఎంతదూరము పోయినదో చూచు ఏర్పాటు లేదు. అదే 1889వ సంవత్సరము జూన్ 12వ తేదీన ఐర్లాండులోని ఆర్మా పట్టణమునుండి ఒక సండేస్కూలు పిల్లలు సముద్రతీరమునకు విహారయాత్రకై ప్రత్యేకపు రైలులో బయలుదేరిరి. ఎగువదారిలో ఇంజను ఆ బరువు లాగలేక నిలిచిపోయెను. ముందటి కొన్ని పెట్టెలను ముందుగా కొనిపోవుటకై బండిని విడదీయగా, వెనుకటి పెట్టెలు బ్రేకులు చాలక వెనుకకు దొర్లి, నియమితకాలమున వెంట వచ్చుచున్న మఱియొక రైలును ఢీకొనెను. సుమారు 80 మంది మరణించిరి. వారిలో అనేకులు బాలబాలికలు. మూడు నెలలు తిరుగకమునుపే బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసి, ప్రయాణీకుల రైళ్ల నడుమ ఎడము పాటించుటను, తెగిపోయినను తమంతట తామే పడు బ్రేకులను నిర్బంధము గావించెను.

దీనియందు మనకు రెండు బుద్ధులు కలవు. ముందుబండి ఎల్లప్పుడును సాగిపోవుచునే యుండునని నమ్మరాదు. అది నిలువవచ్చును, వెనుకకు దొర్లవచ్చును. ఇది మొదటిది. రోడ్డుపై ముందుబండి కంటికి కనబడుచుండును గనుక రెండు సెకనుల లెక్క చాలును. మలుపునందు, పొగమంచునందు, చీకటియందు కన్ను ఎంతదూరము చూడగలదో అంతలోపల ఆగగలిగిన వేగముననే పోవలెను. ఇది రెండవది. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ చీకటిలో నిలిచియున్నప్పుడు, చూపునకు మించిన వేగముతో వచ్చిన మోటారు సైకిలువాని గతి వర్ణింప నక్కఱలేదు.

3. తరుమువానికి కలుగు లాభమెంత?

అరువది కిలోమీటర్ల వేగమున 33 మీటర్ల ఎడము విడిచి పోవువాడొకడు, 5 మీటర్ల ఎడముతో తోక పట్టుకొని పోవువాడొకడు అనుకొందము. ముందున్న బస్సు ఒక్కటే. రెండవవాడు మొదటివానికంటె ఊరికి ఎంత ముందుగా చేరును? తేడా 28 మీటర్లు. కాలమున చెప్పినచో రెండు సెకనులకు లోపే. ఆ రెండు సెకనులకై అతడు పణముగా పెట్టినది ప్రాణము. అతని 5 మీటర్ల ఎడము సెకనులో మూడవవంతుకైన చాలదు. బస్సు హఠాత్తుగా ఆగినచో బ్రేకుమీదికి కాలు పోకమునుపే గుద్దుకొనును. నష్టము ఇంత గొప్పదియు లాభము ఇంత స్వల్పమునైన వ్యాపారమును మన అంగడివీధిలో ఏ వర్తకుడును చేయడు.

అయినను తరుమువారందఱు దుర్మార్గులు కారు. ఎన్ని ట్రిప్పులు తోలిన అంత కూలి దొరకు టిప్పరు డ్రైవరు కలడు. ముందు స్టాపులోని మనుష్యులను మఱొక ఆటోవాడు ఎక్కించుకొనునేమోనని పరుగెత్తువాడు కలడు. ఆసుపత్రికి రోగిని తీసికొనిపోవువాడును ఉండవచ్చును. గర్వముచేత పరుగెత్తు పడుచువాడు సరేసరి. ఎవనికి ఏ తొందర యున్నదో మనకు తెలియదు. తెలియనప్పుడు తీర్పు తీర్చక త్రోవ యిచ్చుట క్రైస్తవధర్మము. ప్రాణరక్షణకును అదియే మార్గము.

4. వెనుకనుండి తరుముచున్నప్పుడు చేయవలసినవి

(1) భయపడి వేగము హెచ్చింపరాదు. మనము ఎంత త్వరగా పోయినను అతడును అంత త్వరగా వచ్చును. అపాయము పెరుగును గాని ఎడము పెరుగదు.

(2) బుద్ధి చెప్పుదమని హఠాత్తుగా బ్రేకు పట్టరాదు. అట్టి పనివలన దెబ్బ తినువారు మొదట మన వెనుకసీటులోని తల్లియో బిడ్డయో అగుదురు.

(3) మన ముందు ఎడమును మునుపటికంటె పెంచుకొనవలెను. వెనుకవాడు విడువని ఎడమును మనము ముందర సంపాదించుకొన్నచో, అవసరము వచ్చినప్పుడు మెల్లమెల్లగా బ్రేకు పట్టవచ్చును. మన వెనుకదీపము చూచి సర్దుకొనుటకు అతనికిని వ్యవధి దొరకును. ఈ ఉపాయము కొందఱికే తెలియును. నియమములన్నిటిలో దీనిని మిక్కిలి జ్ఞాపకముంచుకొనుడు.

(4) ఎదుట దారి ఖాళీగా కనబడినచోట ఎడమప్రక్క సిగ్నలు వేసి, మెల్లగా అంచునకు జరిగి సైడు ఇయ్యవలెను. అతడు దాటుచుండగా మనము వేగము హెచ్చించుట చట్టమునకును విరుద్ధము. అంచు గుంటలుగానున్నను, వడ్లు ఆరబోసియున్నను అకస్మాత్తుగా దిగరాదు. మంచి చోటు వచ్చువఱకు ఒక తీరుగా సాగిపోవలెను.

(5) తిట్టినను, చేతితో సైగలు చేసినను, కట్టు కొట్టినను మాఱు చేయరాదు, కన్నులలోనికి చూడరాదు. కోపమునకు ప్రత్యుత్తరము లేనప్పుడు అది త్వరగా చల్లారును.

(6) రాత్రి ఎదుటి బండి పెద్దదీపముతో వచ్చినచో ఒకసారి డిప్పరు కొట్టి, చూపును రోడ్డు ఎడమ అంచునకు మరల్చి, నిదానింపవలెను. మనమును పెద్దదీపము వేసి పంతము పట్టినచో దారిమీద ఇద్దఱు గ్రుడ్డివారగుదురు.

(7) బరువు నింపిన లారీకి వెనుకను, ప్రక్కను దగ్గఱగా పోరాదు. 2025 జనవరి 26న వరంగల్లు సమీపమున మామునూరువద్ద ఇనుపసరుకు కొనిపోవుచున్న లారీ బోల్తాపడి ఆ సరుకు ఆటోలపై పడగా వలసకూలీలు పలువురు ప్రాణములు కోల్పోయిరి. బరువుబండికి చోటు విడుచుట మన చేతిలోనున్నంతవఱకు విడువవలెను.

(8) ఎవడైనను పంతముతో వెంటాడినచో ఇంటికి పోరాదు, ఒంటరిచోట ఆగరాదు. పోలీసు స్టేషనునకో, పెట్రోలు బంకునకో, జనమున్న బస్సుస్టాండునకో పోయి, బండి నిలిపిన తరువాత 112 సంఖ్యకు ఫోను చేసి బండి నంబరు చెప్పవలెను. ప్రమాదము జరిగినచోట 108 పిలువవలెను. గాయపడినవారికి సద్బుద్ధితో సాయపడినవారిని వేధింపకుండ 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించియున్నది. కావున భయపడి తప్పుకొని పోరాదు.

5. త్రోవ యిచ్చుట ఓటమియా?

"మంచివారెల్లరు ప్రక్కకు తొలగుచుండినచో రోడ్డు దుష్టులదే అగును గదా" యని పై తరగతుల విద్యార్థులు వాదింతురు. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. న్యాయము దొరకవలెనని కోరుట తప్పు కాదు. అయితే న్యాయము చేయు చోటు రోడ్డు నడిమి భాగము కాదు. చేయు సాధనము మన బండి కాదు. ముందుబండి హఠాత్తుగా ఆగినను గుద్దుకొనకుండునంతటి ఎడము విడువవలెనని మన దేశపు రోడ్డు నియమములు విధించుచున్నవి. అపాయకరముగా తోలువానికి మోటారు వాహనముల చట్టపు 184వ సెక్షను జరిమానాను, కారాగారమును నిర్ణయించినది. శిక్షింపవలసినవారు కలరు, వారికి తెలుపుట మన ధర్మము, వారి పని మనము పూనుట అధర్మము.

ఆదికాండమున ఇస్సాకు చరిత్రను తలంచుకొనుడు. అతని పనివారు త్రవ్విన బావిని గెరారు కాపరులు తమదనిరి. అతడు దానిని విడిచెను. రెండవ బావికిని జగడము వచ్చెను, దానిని విడిచెను. మూడవ బావికి ఎవరును జగడమాడలేదు; దానికి విశాలస్థలమను అర్థముగల రహెబోతు అను పేరు పెట్టెను. ఇస్సాకు బలహీనుడు కాడు. ఆ దేశపు రాజే అతని బలము చూచి సంధికి వచ్చెను. విశాలమైన మనస్సు గలవానికి ఇరుకు దారియు విశాలమగును. సైడు ఇచ్చినవాడు రెండు సెకనులు పోగొట్టుకొనునేమో. తన ఇంటివారికి తనను పోగొట్టడు.

6. మనమే తరుమువారమైనచో?

బాలురారా, పరులను గూర్చి వినునప్పుడు సంతోషముగానే యుండును. మన మెట్లు తోలుచున్నామో చూచుకొనుట కష్టము. ముగ్గురు స్నేహితులు ఒక మోటారు సైకిలుపై కూర్చుండి, హెల్మెటు లేక, బస్సు తోక పట్టుకొని పోవుట శౌర్యము కాదు. పెద్దబండి వెనుక దగ్గఱగా పోవువానికి ముందున్న గుంతయు గేదెయు కనబడవు. బస్సు తప్పుకొనునప్పటికి గుంత అతని చక్రము క్రిందనే యుండును. హారను ప్రమాదము తెలుపుటకు గాని తొందర తెలుపుటకు కాదు. సైకిలు తొక్కు చిన్నపిల్లలు హారనుకు ఉలికిపడి కుడిప్రక్కకు తిరుగుట సాధారణము. వారిని దాటునప్పుడు ఒక బారెడుకు తక్కువకాకుండ ప్రక్క ఎడమును విడువుడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పదునెనిమిది సంవత్సరములు నిండని పిల్లలకు ముద్దుకొలది మోటారు సైకిలు తాళపుచెవి ఇయ్యకుడు. 2019 సవరణ ప్రకారము మైనరు తోలి నేరము చేసినయెడల సంరక్షకునకు గాని బండి యజమానునికి గాని 25,000 రూపాయల జరిమానాయు, 3 సంవత్సరములవఱకు కారాగారమును విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 సంవత్సరములు నిండువఱకు లైసెన్సు దొరకదు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. తండ్రి వెనుక కూర్చుండి పోవు బాలుడు ఆ దినమునుండియే తోలుట నేర్చుకొనుచున్నాడు. తండ్రి ఓర్చి సైడు ఇచ్చినచో కుమారుడును ఇచ్చును; తండ్రి తిట్టి తరిమినచో కుమారుడును తరుమును. ట్రాక్టరు ట్రాలీలు గలవారు వాని వెనుక ఎఱ్ఱని మెఱయు పట్టీలు అంటించుట స్వల్పవ్యయముతో జరుగు గొప్ప ఉపకారము.

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిన మాట బండ్లకు గూడ వర్తించును. దారిలో మనము విడుచు ఎడము కంటికి ఖాళీగా కనబడును గాని, అందు ముందువాని ప్రాణమును మన ప్రాణమును భద్రముగానున్నవి. దానిని ఇతరులు తీసికొన్నను మనము మఱల సంపాదించుకొందము. ఇతరులది మనము తీసికొనకుందుము గాక. మా విద్యార్థులందఱు రేపటి సంవత్సరమునను ఈ పత్రికను తమ చేతులతోనే అందుకొందురు గాక యని కోరుచున్నాము.

అభ్యాసము

1. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు ఎన్ని మీటర్లు పోవును? రెండు సెకనుల ఎడము ఎన్ని మీటర్లగును?

2. కొలబద్ద పరీక్షను మీ యింటిలోని పదిమందికి చేసి, ఫలితములను పట్టికగా వ్రాయుడు. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట మఱల చేసి, తేడాను గమనింపుడు.

3. వెనుకనుండి ఒకడు తరుముచున్నప్పుడు మన ముందు ఎడమును పెంచుకొనవలెననుటకు కారణమేమి?

4. రోడ్డుపై పనికివచ్చు లెక్క రైలుమార్గమునకు ఏల చాలదు? ఆర్మా ప్రమాదమును ఉదాహరణముగా తీసికొని వివరింపుడు.